పసిపిల్లల బడి – మంచిచెడ్డల కొలత

మూడేళ్ళ బిడ్డను నర్సరీలో చేర్పించడానికి వెళ్ళిన తల్లిదండ్రులు మొదట భవనం చూస్తారు. గోడలమీది రంగుల బొమ్మలు, ఆటస్థలంలోని ఉయ్యాల, జారుడుబల్ల చూస్తారు. తరువాత అడిగే ప్రశ్న సాధారణంగా ఒక్కటే: "అక్షరాలు ఎన్నాళ్ళకు వస్తాయి?" ఇవి చూడదగనివి కావు. శుభ్రమైన తాగునీరు, గాలి వెలుతురు గల గది, మరుగుదొడ్డి, కునుకు తీయడానికి చాపలు లేని చోటును బడి అనడానికే వీలులేదు. కాని ఇవన్నీ సమానంగా ఉన్న రెండు బడులలో ఒకటి బిడ్డకు ఎంతో మేలు చేసి, రెండవది దాదాపు ఏమీ చేయకపోవచ్చు. ఆ తేడా ఎక్కడ పుడుతున్నది?

ఈ ప్రశ్నకు సమాధానం వెదకిన ప్రయోగాలలో పేరెన్నికగన్నది అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటీ పట్టణంలో 1962లో మొదలయినది. అక్కడి పెర్రీ ప్రాథమిక పాఠశాల పరిసరాలలో నివసించే పేద నల్లజాతి కుటుంబాల పిల్లలు పై తరగతులలో వెనుకబడుతూ ఉండడం డేవిడ్ వైకార్ట్ అనే మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు గమనించాడు. లోపం పిల్లలలో ఉన్నదా, లేక చిన్ననాట వారికి అందకుండా పోయినదానిలో ఉన్నదా? ఇది తేల్చడానికి ఆయన, ఆయన సహచరులు మూడు, నాలుగేళ్ళ వయస్సు గల పిల్లలను 123 మందిని ఎంచుకొని రెండు వర్గాలుగా విభజించారు. 58 మందిని శిశు విద్యాలయంలో చేర్చుకొన్నారు; తక్కిన 65 మందిని చేర్చుకోలేదు. ఎవరు ఏ వర్గంలో పడాలన్నది చాలవరకు బొమ్మా బొరుసూ వేసినట్లే నిర్ణయించారు. ప్రయోగానికి ప్రాణం ఇందులోనే ఉన్నది. చురుకైన పిల్లలనే ఏరి చేర్చుకొని ఉంటే, తరువాత కనిపించిన మేలు బడి వల్ల కలిగిందా, పిల్లల సహజ గుణం వల్ల కలిగిందా అన్నది ఎవరూ చెప్పలేకపోయేవారు. ప్రయోగశాలలో ఒక పరీక్షనాళికలో మందు వేసి, రెండవదానిలో వేయకుండా ఉంచి పోల్చడం వంటిదే ఇది.

ఆ బడి రోజుకు రెండున్నర గంటలు మాత్రమే, వారానికి ఐదు ఉదయాలు నడిచేది. ఇరవై, ఇరవై అయిదు మంది పిల్లలకు నలుగురు ఉపాధ్యాయులు ఉండేవారు. వారానికొకసారి ఉపాధ్యాయురాలు ఇంటికి వెళ్ళి తల్లితోను, బిడ్డతోను గంటన్నర గడిపేది. తరగతిలో బిడ్డ తానేమి చేయదలచుకొన్నదో ముందుగా చెప్పాలి. ఆ పని చేయాలి. చేసిన తరువాత ఎట్లా జరిగిందో మళ్ళీ చెప్పాలి. చూడటానికి ఇది ఆటే. కాని తలపెట్టడం, నిర్వహించడం, వెనుదిరిగి చూసుకోవడం అనే మూడు అలవాట్లు ఇందులో ఇమిడి ఉన్నాయి.

మొదట్లో ఈ పిల్లల బుద్ధిలబ్ధి బాగా పెరిగింది. అయితే ప్రాథమిక పాఠశాలలో చేరిన కొన్నేళ్ళకు రెండు వర్గాల మధ్య ఆ తేడా కరిగిపోయింది. పరిశోధన అంతటితో ముగించి ఉంటే "శ్రమ వృథా" అని వ్రాసుకొని ఉండేవారు. అదృష్టవశాత్తు ఆ పిల్లలను నలభయ్యో ఏడు వచ్చేవరకు విడవకుండా గమనించారు. 2005లో వెలువడిన ఫలితాల ప్రకారం, బడికి వెళ్ళినవారిలో నూటికి 65 మంది ఉన్నత పాఠశాల చదువు పూర్తిచేశారు. వెళ్ళనివారిలో 45 మంది. ఐదుసార్లు, అంతకంటె ఎక్కువసార్లు అరెస్టు అయినవారు మొదటి వర్గంలో నూటికి 36 మంది కాగా, రెండవ వర్గంలో 55 మంది. అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన జేమ్స్ హెక్‌మన్, మరికొందరు ఈ లెక్కలను తిరిగి పరిశీలించి, మేలుకు చాలవరకు కారణం తెలివితేటల కొలత కాదనీ, స్వభావంలో వచ్చిన మార్పు అనీ చూపారు: దుడుకుతనం తగ్గడం, చదువుమీద ఆసక్తి నిలవడం వంటివి. 123 మంది అంటే చిన్న సంఖ్యే. ఒక్క పట్టణంలోని పిల్లలే. ఈ అంకెలను ప్రతి నర్సరీకి అన్వయించడం పొరపాటు. వీధి చివర పెట్టిన ప్రతి బడీ ఇప్సిలాంటీ బడి కాదు.

మరి మంచి బడిని ఆనవాలు పట్టేది ఎట్లా? 1997లో ఇంగ్లండులో ప్రారంభమైన ఒక పెద్ద పరిశీలనలో 141 శిశు కేంద్రాలను, సుమారు మూడువేల మంది పిల్లలను అనుసరించారు. మంచి శిక్షణ గల ఉపాధ్యాయులున్న చోట్ల పిల్లలు ఎక్కువ ముందుకు సాగారు. మిక్కిలి మంచి కేంద్రాలలో మరొక విశేషం కనిపించింది: అక్కడ పెద్దవారూ, బిడ్డా కలిసి ఒకే ఆలోచనను కొంతసేపు పట్టుకొని నడిపించేవారు.

దీనిని ఒక ఉదాహరణతో చూడవచ్చు. ఒకే కొలత గల రెండు గిన్నెలలో సమానంగా నీళ్ళు పోసి, ఒకదానిలోని నీటిని నాలుగేళ్ళ పాప ముందే సన్నని, పొడవైన గ్లాసులోకి మార్చితే, గ్లాసులోనే నీళ్ళు ఎక్కువ ఉన్నాయంటుంది పాప. స్విట్జర్లాండుకు చెందిన జాఁ పియాజే ఈ విషయాన్ని వివరంగా పరిశోధించాడు. ఆ వయస్సు పిల్లలు నీటిమట్టం ఎత్తును మాత్రమే గమనిస్తారు. వెడల్పు తగ్గిన సంగతి దానితో కలిపి ఆలోచించలేరు. ఇక్కడ ఉపాధ్యాయురాలు "తప్పు, రెండూ సమానమే" అని చెప్పవచ్చు. పాప ఆ మాట అప్పజెప్పుతుంది, కాని నమ్మదు. అట్లా కాక, "ఎక్కువ నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయమ్మా? మళ్ళీ గిన్నెలో పోసి చూద్దామా?" అని అడిగితే పాప పోసి చూస్తుంది, తికమక పడుతుంది, మళ్ళీ పోస్తుంది. సమాధానం ఆనాడు దొరకకపోయినా నష్టం లేదు. ఆ తికమకే చదువు. ఈ పాఠానికి కావలసిన పరికరాలు రెండు గిన్నెలు, ఒక గ్లాసు. కావలసిన మరొక వస్తువు ఉపాధ్యాయురాలి తీరిక. నలభై మంది పిల్లలున్న గదిలో దొరకనిది అదే.

అక్షరాల తొందర విషయంలో శరీరశాస్త్రం కూడా ఒక మాట చెబుతుంది. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలున్నాయి. మూడేళ్ళ బిడ్డ చేతిని ఎక్స్‌రే తీస్తే సాధారణంగా వాటిలో సగం కూడా కనిపించవు; తక్కినవి ఇంకా మృదులాస్థిగానే ఉంటాయి. అటువంటి చేతికి గీతల పుస్తకంలో పేజీలకు పేజీలు దిద్దడం కంటె మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, చిక్కుడుకాయలు ఒలవడం మేలైన పనులు. రోములో సాన్ లొరెంజో అనే పేదల పేటలో 1907లో "బాలల గృహం" తెరచిన వైద్యురాలు మరియా మాంటిస్సోరి, గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలను పిల్లలచేత వ్రేలితో తడిమించింది. అక్షరాభ్యాసంనాడు బియ్యంలో వ్రేలితో దిద్దించే మన ఇండ్లవారికి ఇది కొత్తగా తోచదు. చిక్కల్లా మరునాటినుంచి చేతికి పెన్సిలు ఇచ్చి తొందరపెట్టడంలోనే ఉన్నది. మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది.

మన దేశంలో సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో ప్రారంభమై, అంగన్‌వాడీలను గ్రామ గ్రామానికి తెచ్చింది. దాని ప్రణాళికలో ఆరు సేవలున్నాయి: అదనపు పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, పై ఆసుపత్రికి పంపడం, పోషణ ఆరోగ్య బోధన, చివరగా పూర్వ ప్రాథమిక విద్య. వంటకు, శుభ్రతకు ఆయా తోడున్నా, బిడ్డల బరువు తూచడం, పట్టికలు నింపడం, గర్భిణుల ఇండ్లకు వెళ్ళి రావడం కార్యకర్త పనే. గిన్నె, గ్లాసు ముందు కూర్చొనే తీరిక ఆమెకు ఉదయం ఎంతసేపు మిగులుతుందో దానినిబట్టే ఆ కేంద్రం బడి అవుతుందా, భోజనశాలగా మిగులుతుందా అన్నది తేలుతుంది. ఆమెకు ఒక సౌకర్యం మాత్రం లేకపోలేదు. సాధారణంగా ఆమె ఆ ఊరి మనిషే. ఇప్సిలాంటీ ఉపాధ్యాయులు వారం వారం గంటన్నర వెచ్చించి తెలుసుకొన్న తల్లులనూ, ఇండ్లనూ ఆమె ముందే ఎరుగును.