నేర చిత్రములలో నీడల భాష

పాత మిద్దెయింట పెరిగినవారికి గవాచి యనిన ఏమో చెప్పనక్కరలేదు. గాలి వెలుతురుల కొఱకు మిద్దెకప్పులో విడిచిన చిన్న రంధ్రమది. మధ్యాహ్నవేళ దానినుండి వెలుగు ఒక కంబమువలె నేలకు దిగును. ఆ వెలుగు పడినచోట జొన్నగింజ కూడ కనబడును. జానెడు దూరమున కూర్చున్న మనిషి ముఖము మాత్రము సరిగా కనబడదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల మిద్దెలలో ఈ వెలుగును చూచినవారికి, నేను చెప్పబోవు చిత్రముల మర్మము సగము తెలిసినట్లే.

అవి నేరమును గూర్చిన తెలుపు నలుపు చిత్రములు. 1940 మొదలు 1958 వరకు ఎక్కువగా అమెరికాలో తీయబడినవి. యుద్ధకాలమున ఫ్రాన్సునకు అమెరికా చిత్రములు రాలేదు. యుద్ధము ముగిసిన పిదప అవి ఒక్కుమ్మడిగా రాగా, 1946లో నినో ఫ్రాంక్ అను విమర్శకుడు వానిలోని నలుపును గమనించి ‘ఫిల్మ్ నువార్’ అని వ్రాసెను. నల్లని చిత్రమని అర్థము. తీసినవారికి అప్పటికి ఆ పేరే తెలియదు. వారిలో ఫ్రిట్జ్ లాంగ్, బిల్లీ వైల్డర్, రాబర్ట్ సియోడ్మాక్ వంటి పలువురు హిట్లరు పాలనకు వెఱచి జర్మనీ విడిచి వచ్చినవారు. ఇల్లు విడిచి వచ్చినవారి చిత్రములలో వెలుతురు తక్కువగుట వింత కాదేమో!

సాధారణముగా నటుని ముఖముపై ఒక పెద్ద దీపము వేసి, దాని నీడను చెరుపుటకు రెండవవైపున మరియొక దీపము వేయుదురు. ఈ చిత్రములలో ఆ రెండవ దీపమును తగ్గింతురు, లేదా తీసివేయుదురు. ముఖము సగము వెలుగులో, సగము చీకటిలో ఉండును. పెట్టుబడి తక్కువగా నున్నవారికి దీనివలన ఇంకొక లాభము: చీకటిలోని గోడకు అలంకారము అక్కరలేదు.

1944లో వచ్చిన ‘డబుల్ ఇండెమ్నిటీ’ చూడుడు. ఛాయాగ్రాహకుడు జాన్ సైట్జ్ ఆ యింటి గాలిలో సన్నని లోహపు పొడిని ఎగురవేయించి, కిటికీ తెర పట్టెల సందులనుండి వచ్చు వెలుగులో దుమ్ము మెఱయునట్లు చేసెను. మన గవాచి వెలుగులో సుడులు తిరుగు దుమ్మే అది. ఇల్లు పైకి ధనవంతులది. దుమ్మును చూచిన క్షణముననే ఆ కాపురము పాడువడినదని తోచును. ఎవరును ఆ మాట అనరు. పట్టెల నీడలు కథానాయకునిపై చారలు చారలుగా పడి చెఱసాల ఊచలను జ్ఞప్తికి తెచ్చును. అప్పటికి అతడు ఏ నేరమును చేయలేదు.

ఇచ్చట మన అలవాటొకటి అడ్డు వచ్చును. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ నవలలు చేతులు మారిన ఇండ్లలో పెరిగినవారము. హత్య జరుగగానే ‘ఎవరు?’ అని వ్రేళ్లు మడచి లెక్కింతుము. నేనును ఏండ్లతరబడి అట్లే చూచితిని; హంతకుని ముందుగా పట్టితినని చెప్పి ప్రక్కవారి ఆనందమును చెఱచితిని. ‘డబుల్ ఇండెమ్నిటీ’ ఆ యాటను మొదటనే ముగించును. బీమా సంస్థ ఉద్యోగి యొకడు గాయముతో రాత్రివేళ కార్యాలయమునకు వచ్చి, మాటలు పట్టు యంత్రము ముందు కూర్చుండి, చంపినది తానేయని చెప్పివేయును. ఇక మిగిలినది, అతడెట్లు జారెనన్న ప్రశ్న. అతడు మనవంటివాడు, ఉద్యోగము గలదు, చమత్కారముగా మాటలాడును. అతని మొదటి తప్పటడుగు ఎచ్చట పడినదో వెదకుడు. హత్యకు చాల ముందే దొరకును.

మన దక్షిణదేశమున ఈ రీతిని నిక్కముగా పట్టినది తమిళ చిత్రము ‘అంద నాళ్’. 1954లో ఏ.వి.ఎం. వారు నిర్మింపగా ఎస్. బాలచందర్ దర్శకత్వము వహించెను. వీణా విద్వాంసుడుగా ప్రసిద్ధిగాంచిన బాలచందరే ఆయన. అయినను చిత్రమున పాటలు లేవు, నృత్యములు లేవు! 1943లో మద్రాసుపై జపానువారి బాంబులు పడిన దినములలో రాజన్ అను రేడియో ఇంజనీరు తుపాకి గుండుకు కూలిపోవును. శివాజీ గణేశన్ వంటి నటుడు చిత్రము మొదలగుచుండగనే మరణించుట ఆనాటి ప్రేక్షకులకు ఎట్లుండెనో ఊహింపుడు. అటుపిమ్మట అనుమానితులు ఒక్కొక్కరు తమ కథ చెప్పుదురు. కురోసావా తీసిన జపాను చిత్రము ‘రషోమాన్’ (1950) దీనికి ప్రేరణ. చెప్పువారు మారినకొలది చచ్చినవాడును మారుచుండును. హంతకులెవరో నేను చెప్పను, బుద్ధి తెచ్చుకొంటిని. కాని విషయము బయటపడినప్పుడు మీరు ఎవరి పక్షమున నిలుతురో చూచుకొనుడు. దేశము, దాంపత్యము రెండును ఒకే గదిలో ఎదురెదురుగా నిలుచును.

1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో ఉండి, ఉర్దూ చెవికి అలవాటైన మన మూడు ఊళ్లకు బొంబాయి నేర చిత్రములు దూరపువి కావు. అందొకదానికి తెలుగుతో చుట్టరికము కూడ కలదు. తాపీ చాణక్య తీసిన ‘రోజులు మారాయి’ (1955)లో ఏరువాక పాటకు నర్తించిన వహీదా రెహమాన్‌ను గురుదత్ హైదరాబాదులో చూచి, బొంబాయికి పిలిపించెను. రాజ్ ఖోస్లా దర్శకత్వమున వచ్చిన ‘సి.ఐ.డి.’ (1956)లో ఆమె నేరగాండ్ర నడుమ చిక్కిన కామిని. ఆ ఏరువాక బాణీ మాస్టర్ వేణు కూర్చినది; 1960లో ఖోస్లాయే తీసిన ‘బంబయీ కా బాబు’లో ఎస్.డి. బర్మన్ సంగీతమున మరల వినవచ్చెను. తప్పిపోయిన కుమారుడనని చెప్పి ఒక యింట చేరిన నేరగాని కథ అది. పొలమునకు సాగనంపిన పాట అట్టి కథలో చేరినది!

ఈ చిత్రములలో లోపము లేకపోలేదు. మగవాని పతనమునకు తఱచు ఒక అందగత్తెను బాధ్యురాలిని చేసి చేతులు దులుపుకొందురు. ఆమె కోరినదేమి, ఆమెకు వేరు దారి యేది యని చిత్రము అడుగనప్పుడు మనమైనను అడుగవలెను.

చూచునప్పుడు గదిలోని దీపములార్పుడు. టెలివిజను తెర కాంతిని మితిమీరి పెంచితిమా, నలుపు బూడిదరంగగును. ఛాయాగ్రాహకుని కష్టము వ్యర్థము. చేతిలోని ఫోనును ప్రక్కగదిలో ఉంచుడు. మొదటిసారి కథ కొఱకు చూచి, కొన్ని దినముల తరువాత ధ్వని తగ్గించి పదినిమిషములు వెలుగును మాత్రమే గమనింపుడు.

ఇట్లు చూచుటకు కరోల్ రీడ్ తీసిన ‘ది థర్డ్ మ్యాన్’ (1949) తగినది. యుద్ధమున శిథిలమైన వియన్నా నగరము. ఆంటన్ కరాస్ మీటిన జితార్ అను తంత్రీవాద్యమొక్కటే సంగీతము. చీకటి వాకిట ఒకడు నిలిచియుండును. ఎదురింటి కిటికీ వెలుగు హఠాత్తుగా ముఖముపై పడగా అతడు చిలిపిగా నవ్వును. అప్రయత్నముగా మనమును నవ్వుదుము. పెన్సిలిన్ మందును కల్తీచేసి అమ్మి పసిపిల్లల ప్రాణములు తీసినవాడు అతడేయని మనకు అప్పటికే తెలియును.