వానరములు తెలుపు వార్త

హైదరాబాదు నగరమున తార్నాకకు ఆనుకొని ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము విస్తరించి యున్నది. ఆ విశ్వవిద్యాలయమునకు చెందిన ఒక పాత భవనము బేగంపేటలో కలదు. అది రోనాల్డ్ రాస్ పేరిట నెలకొన్న పరిశోధన సంస్థ. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన, సికింద్రాబాదులో పనిచేయుచుండిన రాస్ అను సైనిక వైద్యుడు ఒక దోమ కడుపును కోసి, సూక్ష్మదర్శినితో పరిశీలించి, అందు మలేరియా క్రిమిని కనుగొనెను. మరుసటి యేడు కలకత్తాలో ఆయన పక్షులకు వచ్చు మలేరియాను పరిశోధించి, ఆ క్రిమి దోమకాటు వలన ఒక పక్షినుండి మరియొక పక్షికి సోకునని నిరూపించెను. మనుష్యుని జ్వరరహస్యమును తెలిసికొనుటకు పిట్టలు తోడ్పడినవి.

మలేరియా క్రిమికంటె మిక్కిలి సూక్ష్మమైనవి వైరసులు. పచ్చజ్వరము, డెంగీ, జికా అను వ్యాధులు దోమలు మోసికొనివచ్చు వైరసుల వలన కలుగును. వీనిలో పచ్చజ్వరపు కథ తెలిసికొనదగినది.

దక్షిణ అమెరికా అడవులలో చెట్ల తొఱ్ఱలయందు నిలిచిన నీటిలో కొన్ని జాతుల దోమలు పెరుగును. అవి కొమ్మలపై నుండు కోతులను కుట్టి, పచ్చజ్వరపు వైరసును ఒకదానినుండి మరియొకదానికి చేర్చును. కట్టెలకై అడవికి పోయిన మనుష్యుని ఆ దోమ కుట్టినచో అతనికిని జ్వరము వచ్చును. అతడు పట్టణము చేరినపిమ్మట, ఇండ్లలోని నీటితొట్లలో పెరుగు దోమలు అతనిని కుట్టి, వ్యాధిని ఇంటింటికిని వ్యాపింపజేయగలవు. కావున అడవిలో కోతులు జబ్బుపడుట, పట్టణమునకు రానున్న ఆపదకు తొలి సూచన.

ఆ అడవులలో హౌలరు కోతులు కలవు. వాని కేకలు చాల దూరము వినబడును. ఈ జాతికి పచ్చజ్వరము సోకినచో కొలది దినములలోనే మరణించును. కేకలతో మారుమ్రోగు అడవి హఠాత్తుగా నిశ్శబ్దమైనచో, అచ్చటి గ్రామస్థులు ప్రమాదమును శంకింతురు. అందుచేత బ్రెజిల్ దేశమున కోతి చనిపోయినట్లు వార్త అందగనే అధికారులు అచ్చటికి పోవుదురు. కళేబరమునుండి కాలేయము మున్నగు భాగములను సేకరించి ప్రయోగశాలకు పంపుదురు. పరిసరములలోని దోమలను పట్టి పరీక్షింతురు. వైరసు కనబడినచో చుట్టుపట్ల ప్రజలకు టీకాలు వేయుదురు. టీకా వేసినపిమ్మట రక్షణ కలుగుటకు సుమారు పది దినములు పట్టును. కోతి తెలిపిన వార్త ఆ పది దినముల వ్యవధిని ప్రసాదించును.

అన్ని కోతులును ఇట్లు మరణింపవు. ఆఫ్రికా ఖండపు కోతులు తరతరములుగ ఈ వైరసుతో కలిసి జీవించినవి గనుక సామాన్యముగా చావవు. అచ్చట రక్తపరీక్షయే శరణ్యము. 1947లో ఉగాండా దేశపు జికా అడవిలో శాస్త్రజ్ఞులు ఒక రీసస్ కోతిని బోనులో నుంచి చెట్లపై కావలిగా పెట్టిరి. ఆ జాతి మన దేశపు ఎఱ్ఱమూతి కోతి జాతియే. దానికి జ్వరము రాగా రక్తమును పరీక్షింపగా, అదివరకు తెలియని వైరసు బయటపడెను. దానికి ఆ అడవి పేరే పెట్టిరి. అదియే 2015లో బ్రెజిల్‌లో ప్రబలి, అనేక శిశువులు చిన్న తలలతో పుట్టుటకు కారణమయ్యెను.

మన దేశమునందును ఇట్టి ఉదాహరణము కలదు. 1957లో నేటి కర్ణాటక రాష్ట్రపు శివమొగ్గ జిల్లాలోని క్యాసనూరు అడవిలో కోతులు వరుసగా చనిపోవుచుండెను. సమీప గ్రామస్థులకును జ్వరము వచ్చెను. పచ్చజ్వరము భారతదేశమున అడుగుపెట్టినదేమో యని శాస్త్రజ్ఞులు కలత చెందిరి. పూనా నగరమందలి వైరసు పరిశోధన కేంద్రమువారు పరీక్షింపగా, అది వేరొక వైరసనియు, దానిని మోయునది దోమ కాదు, రక్తము పీల్చు పిడుదు అనియు తేలెను. నేటికిని ఆ ప్రాంతమున కోతుల మరణములను గమనించుట వ్యాధినివారణలో ఒక భాగము.

ఇంతటి మేలుచేయు కోతికి మనుష్యుడు చేసిన అపకారమును చెప్పకుండరాదు. 2016 మొదలు 2018 వరకు బ్రెజిల్‌లో పచ్చజ్వరము రెండువేల మందికి పైగా సోకి, వందలకొలది ప్రజలను బలిగొనెను. అప్పుడు కొందరు అజ్ఞానముచే, కోతులే రోగమును తెచ్చుచున్నవని భయపడి వానిని కొట్టి చంపిరి. కోతి కరచుటవలనగాని తాకుటవలనగాని పచ్చజ్వరము అంటదు; దోమయే దానిని తెచ్చును. కోతి రోగమునకు గురియైన తోడి ప్రాణి మాత్రమే. దానిని చంపినవారు తమ యింటి కావలివానిని తామే కడతేర్చినవారైరి.

వ్యాధి రోగిని చేరకముందే దాని జాడ తీయు ఈ పద్ధతి తార్నాకకును క్రొత్త గాదు. 2020లో కరోనా వ్యాధి ప్రబలినప్పుడు, తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థయు, సమీపముననే యున్న కణ, అణు జీవశాస్త్ర కేంద్రమును కలిసి నగరపు మురుగునీటిని పరీక్షించినవి. సుమారు 6.6 లక్షల మందికి ఆ వ్యాధి సోకియుండునని అంచనా వేసినవి. ఏ రోగలక్షణములు లేనివారి జాడయు ఆ నీటిలో దొరకెను.

మురుగునీరు మాటలాడదు, కోతియు మాటలాడదు. చూడనేర్చినవారికి రెండును వార్త తెలుపును. ఎచ్చటనైనను కోతి చనిపోయి పడియున్నచో విద్యార్థులు దానిని తాకక, పెద్దలద్వారా అటవీశాఖకుగాని పశువైద్యునకుగాని వెంటనే తెలియజేయవలెను. ఆ చిన్న కబురు ఒక గ్రామమును కాపాడవచ్చును.