వెండితెర నవల – పునఃపఠనము

చలనచిత్రకథను నవలగా మలచి అచ్చువేసినపుడు దానికి ‘వెండితెర నవల’ యని పేరు. 1962 నాటి ‘గుండమ్మ కథ’ చిత్రమునకు ముళ్ళపూడి వెంకటరమణగారు అట్టి నవలను రచించిరి. చిత్రము చూడనివానికి అది నవల యగునా? బిట్రగుంట రైల్వే కాలనీలో దానిని మరల మరల చదివిన వృద్ధపాఠకులు ఈ విషయమై వాదించుకొనగా వింటిమి. చదువుచున్నంతసేపు సూర్యకాంతముగారి గొంతే వినబడునని ఒకరు. అట్లైన ఆ గొంతు ఎరుగని మనుమరాలి గతి యేమని వేరొకరు.

రెండవ ప్రశ్న బలమైనది. తెరపై ఆమె కనబడినంతనే గుండమ్మ గయ్యాళియని ప్రేక్షకుడు గ్రహించును. నిరూపించు సన్నివేశముతో పనిలేదు. పుటలో ఆ ముఖము లేదు. ఆనాటి పాఠకుడు దానిని తన జ్ఞాపకమునుండి తెచ్చుకొనెను. నేటి విద్యార్థికి మాటలే దిక్కు. (పద్యనాటకముల ముద్రిత ప్రతులకును ఈ చిక్కే కలదు.) కావున ఇట్టి రచనలను చిత్రముల నీడలని త్రోసివేయుట మాకు సమ్మతము కాదు. పాఠకుని స్మృతి గ్రంథమునకు ఎంత తోడైనదో వానియందు తేటగా తెలియును.