కొత్త నాటకానికి ఊరి వేదికే ఊపిరి

నాటకం కాగితంపై పుట్టినా ప్రాణం పోసుకునేది రంగస్థలంపైనే. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ ఇందుకు నిదర్శనం. 1892లో విజయనగరంలో దీన్ని తొలిసారి ప్రదర్శించినది స్థానిక సమాజమైన జగన్నాథ విలాసినీ సభ. పుస్తకంగా అచ్చయినది 1897లో. ఊరి నటులు ఆడిన ఐదేళ్లకు గానీ అది పాఠకులకు చేరలేదు.

తర్వాతి కాలంలో కొత్త రచనలను వేదికనెక్కించే బాధ్యతను పరిషత్తులు స్వీకరించాయి. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడింది. ప్రభుత్వం 1998లో నంది నాటక పురస్కారాలను ప్రవేశపెట్టింది. పోటీల్లో ఉత్తమ రచనకూ బహుమతి ఉండటం కొత్త నాటికల రాకకు దోహదపడింది.

చిక్కల్లా ఖర్చుల వద్దే. నటీమణుల పారితోషికం, రంగాలంకరణ, ఆహార్యం, ప్రయాణం వంటి భారాలను సమాజమే మోయాలి. పరిషత్తు ఇచ్చే మొత్తం వీటికి చాలదు. అందుకే పల్లె సమాజాలు వెనుకంజ వేస్తున్నాయి. పోటీలు ముగిశాక పలు రచనలు అచ్చుకు నోచుకోక మరుగున పడుతున్నాయి.

పోటీలు జరిగే ఊరి సమాజానికి ఒక రాత్రి కేటాయించడం, బహుమతి రచనలను సంపుటిగా వెలువరించడం, మళ్లీ ప్రదర్శించినప్పుడల్లా రచయితకు కొంత ముట్టజెప్పడం నిర్వాహకులకు అసాధ్యమేమీ కాదు. ఈ మాత్రం ఆదరణ దక్కితే స్థానిక నటులు ముఖానికి మళ్లీ రంగు వేసుకుంటారు.