బొమ్మకు గట్లు వేస్తే

జోగులాంబ గద్వాల జిల్లాలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరలో గట్టు అనే మండల కేంద్రం ఉంది. గట్టు అంటే గుట్ట అని ఒక అర్థం, చేనుకూ చేనుకూ మధ్య హద్దు అని మరో అర్థం. ఆ రెండో అర్థం తెలిసిన ప్రతి రైతుకూ ఇప్పుడు మనం చెప్పుకోబోయే కంప్యూటర్ సంగతి సగం తెలిసినట్టే.

ఊరి నక్షా పరిచి చూడండి. గీతలు, గీతల మధ్య సర్వే నంబర్లు ఉంటాయి. పట్టాదారుల పేర్లు ఉండవు. రైతు తన చేను ఉన్న చోట వేలు పెట్టి "ఇది ఎవరి పేరు మీదుంది?" అని అడుగుతాడు. వేలి కింద నంబరు చూసి, ఆ నంబరుతో పహాణీ అనే భూమి రికార్డు తిరగేస్తే పట్టాదారు పేరు, ఎకరాలూ గుంటల లెక్కా దొరుకుతాయి. బొమ్మ మీద ఒక చోటు, ఆ చోటుకు ఒక నంబరు, ఆ నంబరుతో తెరుచుకునే ఒక పుట. వేలు పెట్టినవాడికి జవాబు అందేది ఈ మూడింటి వల్లే.

తెర మీది బొమ్మలో ఒక భాగాన్ని నొక్కితే దాని వివరం ఉన్న పేజీ తెరుచుకునే ఏర్పాటు కూడా ఇదే పద్ధతిలో నడుస్తుంది. దాన్ని ఇమేజ్ మ్యాప్ అంటారు. యంత్రాల వాడకం చెప్పే గైడ్లలో దీని ఉపయోగం చాలా పెద్దది. చేతిలో ఉన్న సామాను పేరు తెలియనివాడు సూచికలో ఏమని వెతుకుతాడు? బొమ్మలో అయితే దాన్ని వేలితో చూపించగలడు.

బోరు మోటారు స్టార్టర్ డబ్బానే తీసుకుందాం. దాని ఫొటో 800 చుక్కల వెడల్పు, 600 చుక్కల ఎత్తు ఉందనుకోండి. తెర మీద ఈ చుక్కల్ని పిక్సెల్ అంటారు. లెక్క పై ఎడమ మూల నుంచి మొదలవుతుంది. మొదటి అంకె కుడివైపు ఎంత దూరమో, రెండోది కిందికి ఎంత దూరమో చెబుతుంది. పచ్చ బటన్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి దానికి వృత్తం గీస్తాం: కేంద్రం 200, 180, వ్యాసార్థం 40. ఓవర్‌లోడ్ రిలేకు దీర్ఘచతురస్రం: ఒక మూల 300, 320, ఎదుటి మూల 520, 460. వంకర టింకర భాగాలకు మూలమూలకూ ఒక చుక్క పెట్టి, గట్టు కలిపినట్టు చుట్టూ కలుపుతాం. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ భాషలో హద్దులకు ఉన్న ఆకారాలు ముఖ్యంగా ఈ మూడే. ప్రతి హద్దుకూ ఒక చిరునామా, ఒక పేరు జతచేస్తే పని పూర్తయినట్టే. రిలేను నొక్కితే "మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఇది ఆపేస్తుంది. మళ్లీ మళ్లీ పడిపోతుంటే బటన్ నొక్కుతూ ఉండకండి. ఒక ఫేజు పోయిందేమో, పంపు పట్టేసిందేమో చూపించండి" అన్న పేజీ తెరుచుకుంటుంది.

వేలు ఏ హద్దులో పడిందో కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది? వృత్తమైతే కేంద్రం నుంచి దూరం కొలిస్తే చాలు. ఎన్నో మూలలున్న చేనైతే ఎలా? దానికి చక్కని ఉపాయం ఉంది. నిలబడ్డ చోటు నుంచి ఏదో ఒక దిక్కుకు తిన్నగా, ఊరు దాటేదాకా నడవండి. దారిలో ఆ చేను గట్టును ఎన్నిసార్లు దాటారో లెక్కపెట్టండి. బేసి సంఖ్య వస్తే మీరు బయలుదేరింది చేను లోపలి నుంచి. సరి సంఖ్య వస్తే, లేదా అసలు దాటకపోతే, బయటి నుంచి. గట్టు దాటిన ప్రతిసారీ లోపలివాడు బయటికి, బయటివాడు లోపలికి మారతాడు. చివరికి తేలేది ఎలాగూ బయటే కాబట్టి లెక్క తప్పదు. చేను ఎన్ని వంకరలు పోయినా ఇదే సూత్రం. మీరు తెరను తాకిన ప్రతిసారీ కంప్యూటర్ ఇలాంటి లెక్కే కనురెప్ప పాటులో చేసేస్తుంది.

మొదట్లో ఈ లెక్క మన కంప్యూటర్‌లో జరిగేది కాదు. 1993 నాటి మొజాయిక్ బ్రౌజర్ రోజుల్లో, నొక్కిన చోటు అంకెలు మాత్రమే దూరంగా ఉన్న సర్వర్‌కు వెళ్లేవి. అది హద్దుల చిట్టా చూసి జవాబు పంపేది. ప్రతి ప్రశ్నకూ గట్టు నుంచి గద్వాల ఆఫీసుకు పోయి వచ్చినట్టుండేది. హద్దుల చిట్టాను బొమ్మతోపాటే పంపే పద్ధతిని వివరిస్తూ 1996 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 1980 అనే పత్రం వెలువడింది. 1997 జనవరిలో హెచ్‌టీఎంఎల్ 3.2 ప్రమాణంలో ఆ పద్ధతికి చోటు దక్కింది. నక్షాతోపాటు పహాణీ కూడా ఊరికే వచ్చిందన్నమాట.

ఇందులో ఒక చిక్కుంది, అది చిన్నది కాదు. మన స్టార్టర్ బొమ్మ ఫోన్ తెర మీద సగానికి కుదించుకుపోయి 400 చుక్కల వెడల్పు అయిందనుకోండి. బొమ్మ చిన్నదైంది గానీ మనం రాసిన హద్దుల అంకెలు మారలేదు. ఇప్పుడు రిలే కనిపించేది 150, 160 నుంచి 260, 230 వరకు. పచ్చ బటన్‌కు రాసిన వృత్తం ఇంకా 200, 180 దగ్గరే ఉంది, అంటే దాదాపు రిలే బొమ్మ నడిమధ్యన. రైతు రిలే నడుమ తాకితే "మోటారు వేయడానికి పచ్చ బటన్ నొక్కండి" అన్న పేజీ వస్తుంది. ఆగిపోయిన మోటారును మళ్లీ వేయమని మన గైడే చెప్పినట్టయింది! గట్టు ఒకచోట, చేను మరోచోట.

దీనికి మేలైన మందు ఎస్‌వీజీ అనే బొమ్మల పద్ధతి. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2001లో దీన్ని ఆమోదించింది. ఇందులో లింకు బొమ్మలోని ఆకారానికే అతుక్కుని ఉంటుంది. బొమ్మ పెరిగితే హద్దు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఫొటో అయినా సరే, దాన్ని ఎస్‌వీజీలో పరిచి పైన కనిపించని హద్దులు గీయవచ్చు.

ఎక్కడ వాడాలన్నదీ ముఖ్యమే. నాలుగు విషయాలున్న పేజీకి నాలుగు మామూలు లింకులు చాలు. చోటే అర్థమైన సందర్భంలో బొమ్మ కావాలి. మన ప్రాంతపు నీటిదారి చూడండి. జూరాల జలాశయం నుంచి నెట్టెంపాడు ఎత్తిపోతలకు, అక్కడి నుంచి ర్యాలంపాడు జలాశయానికి నీళ్లు వస్తాయి. ఆ ర్యాలంపాడు నీళ్లను గట్టు వైపు ఎత్తిపోసే పథకానికి 2018లో శంకుస్థాపన జరిగింది. ఇదంతా పేరాల్లో చదివితే పిల్లలకు తల తిరుగుతుంది. అదే ఒక పటం గీసి, జూరాలను తాకితే పూర్తి నీటిమట్టం 318.516 మీటర్లనీ, అక్కడి విద్యుత్ కేంద్రాన్ని తాకితే 39 మెగావాట్ల యూనిట్లు ఆరనీ కనిపించేలా చేస్తే పాఠం నిలిచిపోతుంది.

గట్టు వేశాక దాన్ని కాపాడుకోవాలి కూడా. 2016 అక్టోబరు 11న తెలంగాణ జిల్లాలు పది నుంచి 31 అయ్యాయి. పాత మహబూబ్‌నగర్ నుంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరయ్యాయి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట, ములుగు చేరి 33 అయ్యాయి. ఆ రోజు నుంచి 31 హద్దుల పటం తప్పు పటమే. నక్షా మారితే లింకు హద్దు కూడా ఆ రోజే మారాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరికి దాచాను. ప్రతి హద్దుకూ ఒక పేరు రాయాలి. చూపు లేనివారు తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడతారు. ఆ సాఫ్ట్‌వేర్‌కు బొమ్మ కనపడదు, మనం రాసిన పేరునే అది చదివి వినిపిస్తుంది. పేరు రాయకపోతే వారికి ఆ చేను నంబరు లేని చేనే. అందరికీ అందుబాటు కోసం 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణం నొక్కే చోటు కనీసం 24 చుక్కల వెడల్పు, 24 చుక్కల ఎత్తు ఉండాలంటుంది. మట్టి పని చేసి మొద్దుబారిన వేళ్లకు ఇంకొంచెం పెద్దది ఇస్తే తప్పులేదు.

మోటార్లు, డ్రిప్పు, స్ప్రేయర్లు అమ్మేవారికీ, రైతులకు గైడ్లు తయారుచేసే వ్యవసాయ శాఖ వారికీ, పాలిటెక్నిక్ విద్యార్థులకూ నా మనవి ఒకటే. బొమ్మ పెట్టండి, దానికి గట్లు వేయండి, ప్రతి హద్దుకూ మన ఊళ్లో పలికే తెలుగు పేరు రాయండి, కింద అవే లింకులను వరుసగా కూడా ఇవ్వండి. ఆ తర్వాత తక్కువ ధర ఫోనులో తెరిచి, ప్రతి హద్దునూ స్వయంగా తాకి చూడండి. గట్టు సరిగ్గా ఉందో లేదో నడిచి చూస్తేనే తెలుస్తుంది.