ఆ మౌస్ ఇలా ఇవ్వు!

నడివయసులో కంప్యూటర్ నేర్చుకునేది ఉద్యోగం కోసమే కాదు, మన గుట్టు మన దగ్గరే ఉంచుకోవడానికి

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ రోజుల్లో ఏ ఊరి నెట్ సెంటర్‌కైనా వెళ్లి చూడండి. కంప్యూటర్ ముందు కుర్రాడు కూర్చుని ఉంటాడు. అతని వెనకాల కూతురిని తీసుకొచ్చిన తండ్రి నిలబడి ఉంటాడు, చేతిలో కాలేజీల పేర్లు వరసగా రాసుకొచ్చిన కాగితం. ‘తమ్ముడూ, ఆ మూడోది కాస్త పైకి జరుపు’ అంటాడు. జరిపాడో లేదో ఆయనకు తెలియదు. వెబ్ ఆప్షన్లలో వరసే ముఖ్యం. ర్యాంకుకు పైనున్న కాలేజీ దొరికిందంటే ఇక కిందివాటి ఊసే ఉండదు. నాలుగేళ్ల చదువు, లక్షల ఫీజు ఆ వరస మీద ఆధారపడి ఉంటే, వరస పెట్టే వేలు మాత్రం పరాయివాడిది. అతనికా, ఇంకో పదిమంది కాచుక్కూర్చున్న తొందర.

ఆ తండ్రి చదువురానివాడేం కాదు. పొలం పత్రాలు చదవగలడు, బ్యాంకు మేనేజరుతో వాదించగలడు. ఆ తెర ముందు మాత్రం చేతులు కట్టుకుని నిలబడాల్సి వస్తోంది.

పెద్దవాళ్లకు కంప్యూటర్ ఎందుకయ్యా అంటే ఉద్యోగం, ప్రమోషన్ అని చెబుతారు. కొందరికి అది నిజమే. నాకు కనిపించే అసలు లాభం వేరు. పని జరగడం కోసం పాస్‌వర్డు, ఓటీపీ, ఆధార్, ఆస్తి వివరాలు ఇంకొకరి ముందు పరచనక్కర్లేదు. నెట్ సెంటర్‌లో దింపిన ఆధార్ పీడీఎఫ్ ఆ కంప్యూటర్‌లోనే డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడి ఉంటుంది. దాని పాస్‌వర్డు పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం. మన పేరూ వయసూ తెలిసినవాడికి అదో లెక్క కాదు. పరాయి కంప్యూటర్‌లో ఈ-ఆధార్ దించుకుంటే పని కాగానే కాపీలన్నీ తుడిచేయమని 2022 మే నెలలో ఆధార్ సంస్థ ప్రాంతీయ కార్యాలయం ఒకటి ప్రకటన ఇచ్చింది. అపార్థాలకు తావిస్తోందని రెండు రోజులకే దాన్ని వెనక్కి తీసుకున్నారు. ప్రకటన పోయినా సలహా పనికొచ్చేదే. కానీ తుడిచేయడం రానివాడికి ఆ సలహా ఇచ్చి ఏం లాభం?

ఉమ్మడి రాష్ట్రంలో 2001లో ఈసేవ, 2011లో మీసేవ వచ్చాయి. కంప్యూటర్ కౌంటర్‌కు అటువైపు, మనం ఇటువైపు. ఇప్పుడు కౌంటరే ఇంటికి వచ్చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి ‘మన మిత్ర’ పేరుతో సర్కారు సేవలు వాట్సాప్‌లో దొరుకుతున్నాయి. భూమి రికార్డులకు అక్కడ మీభూమి, తెలంగాణలో భూభారతి. కేంద్ర పింఛనుదారులు ఏటా నవంబరులో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ 2014 నుంచి ‘జీవన్ ప్రమాణ్’తో ఆన్‌లైన్‌లోనే ఇవ్వొచ్చు, 2021 తర్వాత ముఖం చూపించినా చాలు.

‘ఇవన్నీ ఫోన్‌లో అవుతున్నాయిగా, మళ్లీ కంప్యూటర్ ఎందుకు?’ అని అడిగేవాళ్లున్నారు. డబ్బు పంపడానికి ఫోన్ భేషుగ్గా ఉంటుంది. ఆరు పేజీల దరఖాస్తు నింపాలన్నా, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి పోల్చుకోవాలన్నా ఆ అరచేతి తెర చాలదు. పైగా ఫోన్ ఒక్కటే తెలిసినవాళ్లది ఒకటే ఫిర్యాదు: ‘డౌన్‌లోడ్ చేశాను, ఎక్కడికెళ్లిందో తెలీదు!’ ఫైలు, ఫోల్డరు అంటే మన పెద్దవాళ్ల ట్రంకుపెట్టె లాంటివే. పన్ను రసీదులు ఒక మూట, దస్తావేజులు ఒక మూట. ఆ పద్ధతి తెరమీద పట్టుబడితే సగం కంప్యూటర్ వచ్చినట్టే.

మిగతా సగం లెక్కలు. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే డబ్బు మిగిలేది ఇక్కడే.

లక్ష రూపాయల అప్పు, మూడేళ్ల గడువు, ‘12 శాతం ఫ్లాట్ వడ్డీ’ అన్నారనుకోండి. వడ్డీ 36 వేలు, నెలకు వాయిదా 3,778 రూపాయలు. నూటికి నెలకు రూపాయి వడ్డీయే కదా అనిపిస్తుంది. ఎక్సెల్‌లోనో, పైసా కట్టక్కర్లేని లిబ్రె ఆఫీస్‌లోనో ‘రేట్’ అనే ఫార్ములా ఉంది. 36 నెలలు, వాయిదా, అప్పు - ఈ మూడు అంకెలు ఇవ్వాలి. వాయిదా ముందు మైనస్ గుర్తు మరిచిపోతే అది మొరాయిస్తుంది. వచ్చిన జవాబును 12తో హెచ్చవేస్తే తేలేది 21 శాతం పైచిలుకు! ఎలాగంటే, నెలనెలా అసలు కొంత తీరుతూనే ఉంటుంది, వడ్డీ మాత్రం చివరిదాకా పూర్తి లక్ష మీదే పడుతుంది. తగ్గుతున్న అసలు మీద నిజంగా 12 శాతమే వేస్తే వాయిదా 3,321 రూపాయలు. తేడా మూడేళ్లలో 16 వేలు దాటుతుంది. సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఖరీదు ఒక్క లెక్కలో వచ్చేసింది. చీటీ పాటలో ఎంత తగ్గించి పాడితే గిట్టుబాటవుతుంది, పాలకేంద్రం వాళ్లు పక్షానికి ఇవ్వాల్సింది ఎంత, డ్వాక్రా గ్రూపులో ఎవరి బాకీ ఎంత - అన్నీ ఆ ఎక్సెల్ గళ్ల కాగితంలోనే తేలతాయి. కాలేజీ చదివే పిల్లల కంటే నలభై దాటినవాళ్లకే ఇది త్వరగా ఒంటబడుతుందని నా నమ్మకం. వాళ్లకు అప్పు అంటే ఏమిటో అనుభవం కదా!

టైపింగ్ సంగతికొస్తే, యాభై అయిదు దాటినవాళ్లలో చాలామంది దగ్గర తమకే గుర్తులేని ఆస్తి ఒకటుంది. ఒకప్పుడు ప్రతి టౌనులో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. లోయర్, హయ్యర్ పాసైన వేళ్లు ఇప్పటికీ ఆ వరసలు మరిచిపోలేదు. కంప్యూటర్ కీబోర్డు మీద కూడా అక్షరాలవే, అక్కడే. ఎఫ్, జె మీటల మీద చిన్న గీత చేతికి తగులుతుంది, చూపుడు వేళ్లు అక్కడ పెట్టుకోవడానికే అది. తెలుగుకు ‘లేఖిని’ లాంటి పరికరాలున్నాయి, ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగు వస్తుంది. తహశీల్దారుకు అర్జీ సొంతంగా రాసుకుని ప్రింటు తీసుకోవచ్చు. ఇంకాస్త ఓపిక ఉన్నవాళ్లకు 2003లో మొదలైన తెలుగు వికీపీడియా ఉండనే ఉంది. తమ ఊరి చెరువు గురించి ఆధారాలతో నాలుగు వాక్యాలు రాసి పెట్టొచ్చు.

ఇక భయం. ‘ఏదో నొక్కితే పాడైపోతుందేమో’ అన్న ఒక్కమాటే చాలామందిని ఆపేస్తోంది. అందుకే మొదటి పాఠంగా కంట్రోల్-జెడ్ నేర్పాలంటాను. చేసిన పని వెనక్కి తిరుగుతుందని తెలిశాక వేళ్ల వణుకు తగ్గుతుంది. రెండో పాఠం పేకాట! 1990లో విండోస్ 3.0తో వచ్చిన సాలిటేర్ ఆటలో ముక్కల్ని పట్టి లాగుతూ కోట్లమందికి మౌస్ అలవాటైంది. మన ఇళ్లలో పేకకు పెట్టిన ఆంక్షలను దీనికి కాస్త సడలించవచ్చు.

మోసాల భయం వేరు, అది ఉండాల్సిందే. నేర్చుకున్నవాడు అడ్రస్ బార్ చదువుతాడు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదని, ‘డిజిటల్ అరెస్ట్’ అనేది ఏ చట్టంలోనూ లేదని తెలుసుకుంటాడు. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తాడు.

ఎవరు నేర్పాలి? పిల్లలని మాత్రం అనకండి. ‘నాన్నా, ఆ మౌస్ ఇలా ఇవ్వు, నేను చేసేస్తా’ అని లాక్కుని అరనిమిషంలో పని ముగిస్తారు. పని అవుతుంది, పాఠం అవదు. ఇరవై ఏళ్లవాళ్లకు హైదరాబాద్‌లో కంప్యూటర్ కోర్సుల అమీర్‌పేట ఉంది, యాభై ఏళ్లవాళ్లకు ఏ పేటా లేదు. పల్లెల్లో ఇంటికొకరికి 20 గంటల శిక్షణ ఇవ్వాలని కేంద్రం 2017లో ‘పీఎంజీదిశ’ పథకం తెచ్చింది. 14 నుంచి 60 ఏళ్లవాళ్లకే చోటిచ్చింది. రిటైరై తీరిక దొరికినవాడిని గేటు దగ్గరే ఆపేసినట్టయింది. 2024 మార్చితో అదీ ముగిసింది.

పెద్దవాళ్లకు పట్టుబడదన్న మాట ఎప్పుడో వీగిపోయింది. 2000లో అప్పటి మెదక్ జిల్లా బీరంగూడలో, టీసీఎస్ మాజీ సారథి ఎఫ్.సి. కోహ్లీ చొరవతో, చదువురాని పెద్దవాళ్లకు కంప్యూటర్ తెర మీద మాటలు చూపించి తెలుగు చదవడం నేర్పారు. దాదాపు 40 గంటల పాఠాలతో వాళ్లు చదవగలిగారు. అక్షరమే రానివాళ్లు కంప్యూటర్‌తో అక్షరం నేర్చుకున్నప్పుడు, అక్షరం వచ్చినవాళ్లకు కంప్యూటర్ రాదా?

ఇంటిపన్నుతో పాటు మనం ఎలాగూ గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో కంప్యూటర్లున్నాయి, పోటీ పరీక్షల పిల్లలతో పగలంతా కిటకిటలాడుతుంటాయి. పెద్దవాళ్ల కోసం సాయంత్రం ఒక గంట, నాలుగు సిస్టమ్‌లు, ఓపికగా నేర్పే ఒక మనిషి కావాలని అర్జీ పెట్టొచ్చు. ఎవరైనా టైపు చేసి పెడితే సంతకం చేయడానికి కాలనీలో యాభై మంది సులువుగా దొరుకుతారు.