పేవర్ బ్లాకుల కింద ఏ ఇసుక?

వాన వెలిసింది. మీరు కాలిబాట మీద నడుస్తున్నారు. ఉన్నట్టుండి ఒక పేవర్ బ్లాకు పక్కకు ఊగుతుంది. సందులోంచి బురదనీరు చిమ్మి మీ బట్టల మీద పడుతుంది. బ్లాకు నాసిరకమని విసుక్కుంటాం. కాని చాలాసార్లు బ్లాకు చెక్కుచెదరకుండానే ఉంటుంది. తప్పంతా దాని చుట్టూ ఉన్న ఇసుకలో ఉంటుంది.

బ్లాకులు పరిచిన వాకిలిని నిలువుగా కోసి చూశామనుకోండి. అడుగున గట్టిపరచిన నేల, దానిపై దిమ్మిస చేసిన కంకర, ఆపైన పలుచటి ఇసుక పరుపు, అన్నిటికన్నా పైన బ్లాకులు కనిపిస్తాయి. బ్లాకుకీ బ్లాకుకీ మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. అందులో నింపేదీ ఇసుకే. వాటిని అతికించే సిమెంటు ఎక్కడా లేదు. మరి కారు ఎక్కినా ఒక్కో బ్లాకూ విడిగా దిగబడదేం?

కిక్కిరిసిన బస్సును గుర్తు చేసుకోండి. పట్టుకోవడానికి కడ్డీ అందకపోయినా మీరు పడిపోరు. చుట్టూ ఉన్నవాళ్ళే మిమ్మల్ని నిలబెడతారు. సందులో బిగిసిన ఇసుక చేసే పని అదే. ఒక బ్లాకు మీద బరువు పడితే, ఇసుక రేణువుల ఘర్షణ ద్వారా అందులో కొంత పక్క బ్లాకులకు చేరుతుంది. సందు ఖాళీ అయితే బ్లాకు ఒంటరిదవుతుంది. అంచుల్లో రాళ్ళు పాతకపోయినా అంతే. బ్లాకులు పక్కకు జరిగి సందులు విచ్చుకుంటాయి.

రెండు చోట్లా ఇసుకే అయినా, రెండు పనులకూ ఒకే రకం పనికిరాదు.

పరుపుకు ముతక ఇసుక

ఒక పళ్ళెంలో ఆవాలు, మరొక పళ్ళెంలో నూకలు కుప్పగా పోయండి. ఆవాలు జారి పరుచుకుంటాయి. నూకల కుప్ప వాటికన్నా నిటారుగా నిలుస్తుంది. కోణాలున్న గింజలు ఒకదానికొకటి తట్టుకుని ఆగుతాయి మరి. పరుపుకు కావలసింది అలాంటి ఇసుకే. 4.75 మి.మీ. జల్లెడలోంచి దిగే, కోణాలున్న, ముతక ఇసుక తీసుకోవాలి.

అందులో మట్టి ఉండకూడదు. ముతక రేణువుల మధ్య ఖాళీలు పెద్దవి కాబట్టి వాననీరు త్వరగా దిగిపోతుంది. ఒండ్రు, బంకమట్టి ఉంటే ఆ ఖాళీలు పూడిపోయి నీరు నిలుస్తుంది. పైన చక్రం పడగానే నీటికి తప్పించుకునే దారి ఉండదు, పీడనం పెరుగుతుంది. అప్పుడు రేణువుల మధ్య ఒత్తిడి తగ్గి, వాటి పట్టు సడలుతుంది. నీరు సన్నని మట్టిని వెంటబెట్టుకుని సందులోంచి పైకి చిమ్ముతుంది. మీ బట్టల మీద పడిన బురద బ్లాకు కింది పరుపులో ఒక భాగమే! పొడి ఎక్కువగా ఉండే క్రషర్ డస్టు వాడినచోట కూడా ఈ ప్రమాదం ఉంది.

సందుకు సన్న ఇసుక

సందులో నింపే ఇసుక సన్నగా ఉండాలి, పూర్తిగా ఆరి ఉండాలి. తడి ఇసుకలో రేణువులను నీటి పొర తలతన్యతతో అతికించి ఉంచుతుంది. సముద్రపు ఒడ్డున పిల్లలు కట్టే గూళ్ళు నిలిచేది అందువల్లే. అలాంటి ఇసుక సందులోకి దిగకుండా పైనే వంతెనలా ఆగిపోతుంది. ఆరిన ఇసుకను చీపురుతో ఊడ్చి నింపి, ప్లేట్ వైబ్రేటర్ నడిపితే అది కిందికి కుదురుకుంటుంది. మళ్ళీ ఊడ్చి నింపాలి. కొన్ని వానల తర్వాత మరోసారి చూసుకోవాలి.

గుంతలు పూడ్చడానికి కాదు

పని తొందరలో జరిగే పెద్ద పొరపాటు మరొకటి ఉంది. కంకర పొర ఎగుడుదిగుడుగా ఉంటే, ఇసుక ఎక్కువ పోసి సరిచేస్తారు. ఆ రోజు పైభాగం మట్టంగానే కనిపిస్తుంది. రాకపోకలు మొదలయ్యాక, ఇసుక మందంగా ఉన్నచోట ఎక్కువ కుంగుతుంది. కింద దాచిన గుంత పైకి తేలుతుంది. కాబట్టి కంకరనే మట్టం చేసి, దానిపై సుమారు 3 సెంటీమీటర్ల ఇసుకను అంతటా సమంగా పరచాలి.

లెక్క వేయండి. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల బడి ఆవరణకు 3 సెం.మీ. చొప్పున 3 ఘనపు మీటర్ల ఇసుక చాలు. 10 సెం.మీ. పోస్తే 10 ఘనపు మీటర్లు కావాలి. అదనపు 7 ఘనపు మీటర్లు బ్లాకులు కుంగడానికే తోడ్పడతాయి. ఆ ఇసుక కృష్ణ, గోదావరి, పెన్న వంటి ఏ నది నుంచో తవ్వి తెచ్చిందై ఉండవచ్చు. నదిలోని ఇసుక నీటిని పట్టి ఉంచి పక్క ఊళ్ళ బావులకు అందిస్తుంది. అతిగా తవ్వితే ఆ బావులు ఎండుతాయి. ప్రపంచంలో ఏటా సుమారు 5,000 కోట్ల టన్నుల ఇసుక, కంకర వాడుతున్నామని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2022లో అంచనా వేసింది. రాళ్ళను పిండి చేసి, కడిగి, జల్లించిన రాతి ఇసుకకు కోణాలుంటాయి. పొడి తక్కువగా ఉంటే పరుపుకు అది బాగానే పనికివస్తుంది.

మీరే పరీక్షించండి

నిటారుగా ఉండే గాజు సీసాలో సగం వరకు ఇసుక పోయండి. చిటికెడు ఉప్పు కలిపిన నీటితో ముప్పావు వంతు నింపి, బాగా కుదిపి, 3 గంటలు కదల్చకుండా ఉంచండి. ముతక ఇసుక అడుగుకు చేరుతుంది. మట్టి దానిపై పొరగా తేరుతుంది. రెండింటి ఎత్తునూ స్కేలుతో కొలవండి. ఇసుక ఎత్తులో మట్టి పొర 8 శాతం దాటితే, కట్టుబడి పనులకే ఆ ఇసుకను సాధారణంగా ఒప్పుకోరు. మీ ఇంట్లోనో బడిలోనో బ్లాకులు పరిచే పని ఉంటే, లారీ దించకముందే ఈ సీసాను మేస్త్రీకి చూపించండి.